అంకెలు మార్చే కర్ర

మా ఎరల దుకాణం ముందు బోర్డుకి
ప్లాస్టిక్ అక్షరాలు తగిలించే పొడుగాటి కర్ర ఒకటుంది,
కొసన రబ్బరు కప్పుతో.
ఈ ఏడు దాన్ని పట్టుకున్నన్నిసార్లు
వల కూడా పట్టుకోలేదు నేను.

మొదట పన్నెండో తేదీ అన్నారు.
బతికున్న రొయ్యల ధర తీసేసి
ఆ వరసలో "నలుగురికీ క్షేమం, 12" అని పెట్టాను.
ముహూర్తం తప్పింది.
గ్రహాలు కుదరక కాదు,
అరచేతిలో పట్టే వాల్వు ఒకటి మూసుకోనంది.

తర్వాత పంతొమ్మిది.
ఆ పూట ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది.
ఎక్కడో ముప్పైవేల అడుగుల పైన
గాలి ఒప్పుకోలేదట.
కొంగలకి తెలియని గాలి,
నా షెడ్డు రేకుని కూడా కదపని గాలి.

తర్వాత ఇరవై రెండు.
నా పెట్టెలో రెండంకె ఒక్కటే ఉంది.
ఐదుని వెనక్కి తిప్పి పెట్టాను.
రోడ్డు మీంచి చూస్తే రెండే.
దగ్గరికొస్తే తప్పు.
నదికి ఈ గట్టున నిలబడి చూస్తే
రాకెట్టూ అంతే, ఎప్పుడో సిద్ధమైపోయినట్టుంటుంది.

టైటస్‌విల్ మోటళ్ళలో గది అద్దె రెట్టింపయి
మళ్ళీ సగమైంది.
ఒహాయో నుంచి వచ్చిన ఆ తండ్రి
సెలవు పొడిగించమని మా ఫోన్లోనే రెండుసార్లు బతిమాలాడు.
కూతురు పెట్రాకి తొమ్మిదేళ్ళు.
ఈలోగా రొయ్యని చంపకుండా గాలానికి గుచ్చడం నేర్చుకుంది.
"లోపల కట్టేసి కూర్చోబెడతారు కదా,
మరి వాళ్ళకి ఒంటేలొస్తే?" అని అడిగింది.
అన్ని టీవీల్లోనూ ఎవరూ అడగని ప్రశ్న.

ఆర్విల్ టీగ్ రోజూ ఏడింటికి వస్తాడు.
ఒకప్పుడు అటు గట్టున పనిచేసినవాడు,
వేడి తగలని పలకలు ఒక్కొక్కటే అతికించినవాడు.
నేను విసుక్కున్నాను,
ఇంకెన్నాళ్ళు ఈ మీనమేషాలు అని.
"ఒకసారి టవరు నిండా మంచు వేలాడింది," అన్నాడు.
"ఆగమన్నవాళ్ళున్నారు."
ఇంకేమీ అనలేదు.
చిల్లర గల్లా మీద పేర్చుకుంటూ
ఏడో నాణెం దగ్గర ఆగిపోయాడు.
నేనే మిగతాది లెక్కపెట్టాను.

ఇరవై రెండున సూట్లు తొడిగారు.
గాలి నింపి, చెవి పెట్టి విన్నట్టు, అతుకతుకూ చూశారు.
ఇంటివాళ్ళు తాడుకి అవతల నిలబడి చేతులూపారు.
నెలకింద పలికిన వీడ్కోలే మళ్ళీ పలకాలంటే
మాటలు ఎక్కడ తెచ్చుకుంటారు?
నలుగురినీ వెల్లకిలా పడుకోబెట్టి తలుపు బిగించారు.
దుకాణంలో రేడియో,
గుమ్మం దాకా జనం,
తొట్టెలో రొయ్యల గుడగుడ.

నాలుగు నిమిషాల దగ్గర గడియారం నిలిచిపోయింది.
ఎవరో ఒకమ్మాయి గొంతు,
ముప్పై కూడా ఉండవేమో,
"వద్దు" అంది.
అన్ని కోట్ల ఖర్చూ, అంత జనమూ,
ఆ రెండక్షరాల ముందు నోరు మూసుకున్నాయి.

తలుపు బిగించిన చేతులే వెళ్ళి
తలుపు విప్పాయి.
కమాండరు బయటికి వస్తూ
"నా కుర్చీ ఎవరికీ ఇవ్వకండి" అందట.
మా దుకాణంలో కొందరు తిట్టారు.
పెట్రా ఏడ్చింది.
ఆర్విల్ టోపీ తీసి, లోపలి చెమట తుడిచి,
మళ్ళీ పెట్టుకున్నాడు.

చీకటి పడ్డాక కర్ర పట్టుకుని బయటికెళ్ళాను.
ఒహాయో కారు సామాను ఎక్కించుకుని
నా కోసమే ఆగి ఉంది.
"ఈసారి ఏ అంకె?" అంది పిల్ల కిటికీలోంచి.
తిప్పి పెట్టిన ఐదుని దింపి దాని చేతికిచ్చాను.

బోర్డు మీద ఇప్పుడు తేదీ లేదు.

నలుగురూ ఈ రాత్రి నేల మీదే పడుకున్నారు.
రొయ్యలు డజను నాలుగు డాలర్లు.